బ్యాడ్జి లేని నోరు

గైడు నెల్సీ పోట్ ఆ సోమవారం చేయాల్సిన పనులు ఇవి. ఐదింటికి లేవాలి. జడ గట్టిగా వేయించుకోవాలి. బ్యాడ్జి తుడిచి పెట్టుకోవాలి. భోజనం డబ్బాలు రెండూ సంచిలో సర్దుకోవాలి. పర్యాటకులు పదకొండు మందినీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లెక్కపెట్టుకోవాలి. పర్యాటక ఆఫీసువాళ్ళు అచ్చువేసి ఇచ్చిన పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, నవ్వకూడదు.

ఎందుకంటే ఆ రోజు బస్సులో ఇన్‌స్పెక్టర్ రొసాదో ఉన్నాడు. చుంబెక్ పురాతన నగర శిథిలాల దగ్గర బ్యాడ్జి లేని మనిషెవరో కథలు చెబుతున్నారని ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వచ్చింది. అలాంటి మనిషి ఏ గైడు వెంట దొరికితే ఆ గైడు బ్యాడ్జి ఊడుతుంది. నెల్సీ వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. ఆ బ్యాడ్జి కోసం నాలుగేళ్ళు చదివింది.

వయ్యదోలిద్ పట్నం దాటి ఇరవై నిమిషాలు వెళ్ళాక, కూడలిలో ఒక ముసలావిడ చెయ్యెత్తింది. పూలు కుట్టిన తెల్ల గౌను, చేతిలో ప్లాస్టిక్ బకెట్. డ్రైవరు ఆపేశాడు.

"సీట్లు లేవు పెద్దమ్మా," అంది నెల్సీ.

"నాకూ కళ్ళున్నాయిలే."

ముసలావిడ గౌను మెడలోంచి టూరు టికెట్ తీసి చూపించింది. నడవలో బకెట్ బోర్లించి దానిమీద కూర్చుంది. సరిగ్గా ఇన్‌స్పెక్టర్ పక్కన.

శిథిలాల్లో మొదటి గట్టు దగ్గర నెల్సీ పాఠం అందుకుంది. "ఇది రాజు సింహాసన వేదిక. దీనిమీద కూర్చుని ఆయన తీర్పులు చెప్పేవాడు."

"ఇక్కడే మా నాన్న పందుల్ని కట్టేసేవాడు," అంది ముసలావిడ. "తీర్పులు అవే చెప్పేవేమో."

మెక్సికో నగరం నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఇన్‌స్పెక్టర్ పెన్ను మూత తీశాడు.

"పెద్దమ్మా, కాస్త ఊరుకుంటారా?" అంది నెల్సీ.

"టికెట్టు కళ్ళకేనా? నోటికి వేరే కొనాలని ఎవరూ చెప్పలేదే."

గుడి మెట్ల దగ్గర నెల్సీ గొంతు పెంచింది. "తొమ్మిదో శతాబ్దంలో ఈ ప్రజలంతా కనుమరుగైపోయారు. ఎటు పోయారో నేటికీ అంతుచిక్కని రహస్యం."

"రహస్యమేముంది? ఈ రాళ్ళ చుట్టూ కంచె వేసేటప్పుడు మమ్మల్ని రోడ్డవతలికి పొమ్మన్నారు, పోయాం. ఇంకా అక్కడే ఉన్నాం. వస్తే కాఫీ ఇస్తాను."

ఈసారి అందరూ నవ్వారు. గుంపు మెల్లగా నెల్సీ వెనక నుంచి ముసలావిడ వెనక్కి జరిగింది. నెల్సీ పెదవి కొరుక్కుంటూ నడిచింది.

చివర్లో ఒక చదునైన చోట, నల్లబడిన రాళ్ళు మూడు ఉన్నాయి.

"ఈ మూడు రాళ్ళు ఆకాశంలోని మూడు నక్షత్రాలకు గుర్తు. పూజారులు ఇక్కడ..."

ముసలావిడ గొంతుక్కూర్చుని ఒక రాయి మీద చెయ్యి వేసింది.

"మా అమ్మ పొయ్యి ఇది," అంది. "ఆడపిల్ల పుడితే బొడ్డుపేగు పొయ్యి కింద పాతిపెడతాం, ఇల్లు విడిచి పోకుండా. నాది దీని కిందే ఉంది. అది లోపలుండిపోయింది. నేను బయటుండిపోయాను."

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ టోపీ తీసింది.

"దొరికింది," అన్నాడు రొసాదో. "బ్యాడ్జి లేని నోరు ఇదేగా? ఈవిడ మీ మనిషేనా?"

నెల్సీ తల అడ్డంగా ఊపింది. "నాకేం సంబంధం సార్. కూడలిలో ఎక్కింది, మీరూ చూశారు."

"ఈ పిల్లతోనా నేను వచ్చేది?" అంది ముసలావిడ లేస్తూ. "దీనికి పొయ్యికీ నక్షత్రానికీ తేడా తెలీదు."

రొసాదో ఫైలు తెరిచాడు. "సరే, మీరు చెప్పండి. ఈ గుడి ఏ శతాబ్దానిది?"

"మా అవ్వ పుట్టేటప్పటికే పాతది."

"ఏ రాజు కట్టించాడు?"

"రాజు సంగతి నాకేం తెలుసు నాయనా. రాళ్ళు మోసింది మావాళ్ళు."

"నిర్మాణ శైలి?"

"రాళ్ళే."

రొసాదో హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. శతాబ్దం తెలియని మనిషి గైడెలా అవుతుంది? అక్కడే నిలబడి రాశాడు: 'బ్యాడ్జి లేని గైడు ఎవరూ కనబడలేదు. ఒక వదరుబోతు ప్రయాణికురాలు అడుగడుగునా అడ్డుపడినా, గైడు పాఠం తప్పలేదు. ఆమె ఓపిక మెచ్చదగినది.' కింద ముద్ర గుద్దాడు.

భోజనాల వేళ, ఆ నోరు మూయించడానికి మరో దారి లేనట్టు, నెల్సీ తన రెండో డబ్బా తీసి ముసలావిడ చేతిలో పెట్టింది. సోమవారం కదా, అక్కడ ఇంటింటా ఆ రోజు వంట ఒకటే: పంది మాంసం వేసి వండిన నల్ల చిక్కుడు గింజలు.

ముసలావిడ రొట్టె తుంచి ముంచుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. "ఎవరు వండారోగానీ, బంగారం లాంటి చెయ్యి."

నెల్సీ గబుక్కున అటు తిరిగింది. భుజాలు అదిరాయి.

"ఏడవకమ్మా," అన్నాడు రొసాదో తన చేతిరుమాలు అందిస్తూ. "తిండి కూడా పెట్టారు. ఇంత మంచితనం ఈ ఉద్యోగంలో పనికిరాదు."

మీరెప్పుడైనా చుంబెక్ వెళ్తే, బడి మొహం చూడని పాపానికి బ్యాడ్జికి నోచుకోక, రోజూ చీకటితోనే లేచి వండి, డబ్బాలు రెండు కట్టి, కూతురు నెల్సీకి జడ వేసి, "ఇవాళైనా నవ్వకే" అని టౌను బస్సెక్కించి, ఆ తర్వాత బకెట్ తీసుకుని కూడలికి నడిచే ఎదెల్మీ అనే ఆవిణ్ణి కాస్త గుర్తుపెట్టుకోండి.