బుంగయ్య కొత్త పాట

పాచిచెరువులో బోదురుకప్ప బుంగయ్య అరిచాడంటే మబ్బుకి చెవిపోటొచ్చి ఏడ్చేసేది. దాన్నే మీరంతా వాన అంటారు. నమ్మకపోతే మబ్బునే అడగండి! ఆ అరుపుకి జడిసి కొంగ కూడా ఒడ్డు తొక్కేది కాదు.

ఈ ఏడు తొలకరికి బుంగయ్య జట్టు కొత్త పాట కట్టింది. పాడితే దోమ కూడా లేవలేదు. కొంగ మాత్రం తాపీగా దిగి, తలాడిస్తా బుంగయ్య పక్కనే నిలబడింది. బుంగయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా పాట ఆపితే పరువు పోద్దని పాడతానే ఉన్నాడు.

"ఏంది మావా, జోలపాటా? పాత అరుపే అందుకో!" అని పీత కేకేసింది.

"నీ మొహం! ఇందులో లోతుంది. నాలుగుసార్లు వింటేగానీ ఎక్కదు," అంది నత్త.

"ఈలోపు కొంగ మింగుద్దే!"

"మింగనీ. పాట అర్థమయ్యి చస్తాం!"

చేపలు పీత వైపు, జలగలు నత్త వైపు చేరాయి. తిట్లు, బురద, పెడబొబ్బలు! సరిగ్గా కొంగ బుంగయ్య నెత్తిమీద ముక్కు తెరిచేసరికి ఆ గోల చెవిలో పడింది. అది అదిరిపడి ఎగిరి, మూడూళ్లు దాటిగానీ దిగలేదు.

బుంగయ్య గొంతుసంచి ఉబ్బించాడు.

"చూశారా? అదే పాటలో ఆఖరి చరణం. మీచేత పాడిద్దామని దాచా!"

"నే చెప్పలా, లోతుందని?" అంది నత్త.

పీత కాసేపు నసిగింది. "ఆ చరణం ఒక్కటీ... పాత అరుపులా ఉంది మావా!"