ఎదుటి కొట్టు కుందేలు

మా ఆయన ఉద్యోగం బొమ్మల దుకాణం ముందు ఎలుగుబంటి వేషంలో గంతులేయడం. ఆ రోజు వేషం తొడుక్కోబోతూ జ్వరంతో మంచం మీద కూలబడ్డారు.

"సెలవు పెట్టండి" అన్నాను.

"ఎలుగుబంటికి సెలవేంటే? రాకపోతే జీతం కోస్తాడు. రేపూ రాకపోతే ఇంకో ఎలుగుబంటిని పెట్టుకుంటాడు."

కొత్త మనిషి కనిపిస్తే తలుపు చాటుకు పోయేదాన్ని నేను. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"తల తొడుక్కుంటే నువ్వెవరో ఎవరికీ తెలీదు. ఎదురుగా చెప్పుల కొట్టు ముందు కుందేలు వేషగాడుంటాడు. కుర్రాడు మంచోడే, ఈమధ్యే బద్ధకం పట్టి కాళ్లు కదపట్లేదు. వాడు చేసినట్టే చెయ్యి" అన్నారు.

అలా ఎలుగుబంటినయ్యాను. కుందేలు చెయ్యి ఊపితే ఊపాను, నడుం తిప్పితే తిప్పాను. పిల్లలు తోక లాగారు.

యజమాని బయటికొచ్చి, "ఏరా, ఇవాళ మహా ఒద్దికగా ఉన్నావే!" అన్నాడు. తలాడించాను.

మధ్యాహ్నం కుందేలు రోడ్డు దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పరాయి మగాడు! అరిస్తే గొంతు బయటపడుతుంది, ఆయన ఉద్యోగం పోతుంది. కొయ్యలా బిగుసుకుపోయాను.

కుందేలు తన తల నా తలకు ఆనించింది. లోపలి నుంచి ముసలావిడ గొంతు మెల్లగా వినిపించింది.

"నడక చూసి కనిపెట్టేశాలే అమ్మాయ్. మా అబ్బాయికి కామెర్లు. మీ ఆయనకేంటి?"

"జ్వరమండీ."

"తగ్గుతుందిలే. చెయ్యి ఊపు, మీ యజమాని చూస్తున్నాడు."

ఊపాను.