కందకం దిక్కుగా నడిచిన మనిషి

ఆ వేకువన రామకుప్పం దగ్గరి మొక్కజొన్న చేనిలోకి దిగినవారు ముగ్గురు: ముందు ఈశ్వరమ్మ, ఆమె వెనుక కోడలు స్వర్ణలత, చివర గోనెసంచులతో కొడుకు శ్రీరాములు.

మంచు దట్టంగా ఉంది. అడవి ఏనుగులు మళ్లీ దిగకముందే కంకులు సంతకూ, చొప్ప పాడి ఆవులకూ చేరాలి. నిరుడు ఏనుగులు మిగిల్చింది మోడులే.

నడిచేనిలో పట్‌మని ఒక కంకి విరిగింది.

"ఎవురది?" అన్నది ఈశ్వరమ్మ.

"వెనక్కి పోండమ్మా. పరిగెత్తొద్దండి, అరవొద్దండి." సాళ్ల నడుమ నుంచి ఒక ఆడగొంతు, బిడ్డను నిద్రపుచ్చేటంత మెల్లగా.

"మా సేన్లో కంకులిరుస్తా మమ్మల్నే పొమ్మంటావా? దొంగముండా!"

మళ్లీ పట్‌మన్నది. వెంటనే ఎవరో చేటతో చెరుగుతున్న చప్పుడు.

"ఇంకొకతె కూడా ఉండాదత్తా," అన్నది స్వర్ణలత. "ఈడనే వొలిచి సెరగతాండారు!"

"ఇంక పొయ్యి కూడా ఎలిగిస్తారేమో!" శ్రీరాములు నవ్వాడు.

మంచులో ఆమె కనబడింది. ఎరుగని మొహం. ఒడినిండా కంకులు. ఒక్కొక్కటే వెనక్కు విసురుతూ ఏనుగులను ఆపేందుకు అడవి అంచున తవ్విన కందకం దిక్కుగా నడుస్తోంది.

ఈశ్వరమ్మ మట్టిగడ్డ విసిరింది. అది ఆమె వీపుకు తగిలింది.

ఆమె తిరిగి చూడలేదు. అడుగు తడబడలేదు.

గాలి లేదు. అయినా ఆమె వెనుక మొక్కలు సాలుకు సాలు ఒరిగి నేలకు అణిగిపోతున్నాయి. చెరుగుతున్న చప్పుడూ ఆమె వెంటే వెళ్లింది.

శ్రీరాములు నవ్వు ఆగిపోయింది.

"మా, ఈడ సూడు."

తడిమట్టిలో ఒక అడుగుజాడ. అతని రెండు పాదాలూ అందులో పట్టేటంత వెడల్పు. అంచుల నుంచి నీరు ఇంకా ఊరుతోంది.

"అది సేట కాదు మా... సెవులు."

ఈశ్వరమ్మ ఇద్దరినీ మెల్లగా వెనక్కి లాగింది.

ఎండ ఎక్కాక ఫారెస్టు గార్డు కందకం అంచున ఆమెను కనుగొన్నాడు. ప్రాణం లేదు.

"ఏనుగని కేకేసి సెప్పకూడదా అప్పా!" అన్నది ఈశ్వరమ్మ.

"కేకేసింటే అది మీ మీదికి తిరిగుండేదమ్మా."

"ఎవురప్పా ఈమె?"

"గుడుపల్లె మనిషి. మొగుడు పోయి ఏడాదైందని, ఆయన పోయిన చోట దీపం పెట్టను నన్నడిగే వచ్చింది."

"యా చోట?"

గార్డు ఈశ్వరమ్మ చేనివైపు చూశాడు.

ఆ ఉదయం ముగ్గురి ప్రాణాలు నిలిపిన ఘనత, నిరుడు ఈశ్వరమ్మ చేనికే కావలి కాసి ఏనుగు కాళ్ల కింద నలిగిన మునెప్ప భార్య నాగరత్నమ్మదేనని, అతను పోయాక ఒక్కనాడైనా అతని ఇంటి గడప తొక్కని ఈశ్వరమ్మ కుటుంబం ఊరందరి ఎదుట నిలబడి ఒప్పుకొన్నది.