దొర మేడ ముందు గూడు

బుల్డోజరు గేటు దాకా వచ్చి టక్కున ఆగింది. డ్రైవరు లౌతారో కిందికి దిగి టోపీ తీశాడు.

"దోన్యా ఫ్రెసియా, పెద్దమ్మా, ఇదెవరి గూడు?"

మెట్ల మీద ఇసుక ఊడుస్తున్న ఫ్రెసియా నడుం పట్టుకుని నిలబడింది. ఎడారిలో సురేకారం గనుల దొర కట్టించిన మేడ అది. దొర పోయాడు, వారసులు పోయారు. పనిమనిషిగా దాన్ని తుడిచి తుడిచి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు మున్సిపాలిటీ దాన్ని కూల్చి లారీల షెడ్డు వేస్తుందట.

గేటు పక్కన రేకుతో చేసిన బుల్లి ఇల్లు, అందులో సిలువ, కాగితం పూలు, కొవ్వొత్తి. దారిలో అర్ధాంతరంగా పోయినవాళ్ల ఆత్మకి కట్టే గూడు. అక్కడ ఎవరూ పోకపోయినా, నిన్ననే తన చేత్తో తనే కట్టింది.

"నికనోర్ అని, గని కూలీ. దాహంతో ఇక్కడే పోయాడు పాపం."

"రోజూ ఈ దారినే పోతాను, ఎప్పుడూ చూళ్లేదే!"

"నువ్వు దేన్ని చూశావు గనక? కూల్చుకో నాయనా, నాదేం పోయింది? నిద్దట్లో వచ్చి కాళ్లు లాగేది నిన్నే."

లౌతారో గబగబా సిలువ గుర్తు వేసుకున్నాడు. "చచ్చినవాడి చోటు నేను ముట్టుకోను. మున్సిపాలిటీ వాళ్లనే వచ్చి కూల్చుకోమంటాను."

బండి వెనక్కి మళ్లింది.

ఎవరూ రాలేదు. జనం మాత్రం వచ్చారు. దాహంతో పోయినవాడని నీళ్ల సీసాలు తెచ్చారు. లారీలవాళ్లు హారన్ కొట్టి దండం పెట్టుకున్నారు. 'కోరిక తీర్చావు నికనోర్' అని పలకలు వెలిశాయి. చెక్క మెట్లెక్కి మేడలోకి తొంగిచూసినవాడు ఒక్కడూ లేడు. పోనీలే, మేడ నిలబడింది, అదే చాలనుకుంటూ ఫ్రెసియా రోజూ ఇసుకతో పాటు కొవ్వొత్తుల మైనం కూడా గీకింది.

శీతాకాలం వెళ్లాక బుల్డోజరు మళ్లీ వచ్చింది. లౌతారో చేతిలో పూలగుత్తి ఉంది.

"మళ్లీ దేనికొచ్చావు?" ఓపిక లేనట్టు అడిగింది ఫ్రెసియా. "గూడుంది, కనపళ్లా?"

"అయ్యో, గూడు జోలికి ఎవరొస్తారు పెద్దమ్మా! మా ఆవిడ ఆపరేషన్ గట్టెక్కించింది ఆయనే." పూలు గూటి ముందు పెట్టి, భక్తిగా మేడ వైపు చెయ్యి చూపించాడు. "గూటికొచ్చే జనానికి బళ్లు పెట్టుకోవడానికి చోటు చాలట్లేదు. అందుకని ఈ మేడ ఒక్కటే తీసెయ్యమన్నారు. నికనోర్‌ని కూడా అడిగాను, కొవ్వొత్తి ఆరలేదు. సరేనన్నాడు!"