ముప్ఫై ఎనిమిదో గీత

టక్... టక్.

“మళ్ళీ మొదలెట్టాడు ముసలాయన!” అంటూ కంచుగొంతు మైకు ఆపేశాడు.

కంచుగొంతు అనేది వీధివాళ్ళు పెట్టిన పేరు. అతను గట్టిగా దగ్గితే ఎదురింట్లో గిన్నెలు వాటంతటవే బోర్లా పడేవని చెప్పుకునేవారు. ఆ గొంతే అతని బతుకుతెరువు. కళ్ళు కనబడని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి ఆఫీసుకు పంపుతాడు. ఇప్పటికి ఏడు పుస్తకాలు చదివాడు. ఒక్క తప్పు రాలేదు. ఆఫీసులో అతన్ని “తప్పు రాని గొంతు” అంటారు.

వచ్చిన చిక్కల్లా గోడతోనే. అతని గదికీ పక్క వాటాకీ మధ్య ఒకటే గోడ. దాన్ని ఇటుకలతో కట్టారో అట్టముక్కలతో కట్టారో ఆ కట్టినవాడికే తెలియాలి. ఇటు ఇతను చదువుతుంటే అటు ముసలాయన తడతాడు. ఆ చప్పుడు రికార్డింగులో పడుతుంది. వాక్యం చెరిపి మళ్ళీ చదవాలి. ఒక్కోసారి ఒకే వాక్యానికి మూడుసార్లు తట్టేవాడు.

ఎనిమిదో పుస్తకం మొదలుపెట్టిన వారానికి కంచుగొంతు వడ్రంగిని పిలిచాడు.

“గోడకి అంగుళం ఎడంగా చెక్క ఫ్రేము బిగిస్తా,” అన్నాడు వడ్రంగి. “దాన్నిండా చప్పుడు మింగే రాక్‌వూల్ దూది కూరతా. పైన రెండు పొరలు జిప్సం బోర్డు. సందులన్నీ సీలెంటుతో మూసేసి, గది తలుపుకీ రబ్బరు పట్టీ వేస్తా. ఇంక అవతల ఏనుగు ఈనినా మీకు వినబడదు సార్.”

“ఏనుగు దాకా ఎందుకయ్యా, ఆ తాత వినబడకపోతే చాలు.”

రెండో రోజు బోర్డులు కోస్తుంటే ముసలాయనే గుమ్మంలోకి వచ్చాడు.

“ఏం తాతా, చెవి మీద పెన్సిలు! నువ్వూ మా పనివాడివేనా?” అన్నాడు వడ్రంగి.

“నాకు కోయడం రాదులే అబ్బాయ్,” అని, ముసలాయన కంచుగొంతు వైపు తిరిగాడు. “చప్పుడు పూర్తిగా పోతుందా బాబూ?”

“పూర్తిగా.”

“అటు నుంచి ఇటేనా, ఇటు నుంచి అటు కూడానా?”

వడ్రంగి నవ్వాడు. “చప్పుడుకి వన్‌వే ఏముంటుంది తాతా?”

ముసలాయన లోపలికొచ్చి గోడ వైపు వేలు చూపించాడు.

“ఆ స్విచ్చుబోర్డు పక్కన వేలెడు సందు వదలరాదూ?”

కంచుగొంతుకి ఒళ్ళు మండింది.

“దేనికండీ, మీరు వేలు పెట్టడానికా? మీ టకటకలు భరిస్తూ ఏడు పుస్తకాలు చదివాను. వీడి నోట్లో మట్టి కొడుతున్నానే అని ఒక్కసారైనా అనిపించిందా మీకు?”

ముసలాయన చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు.

“గొంతు మంచిది బాబూ. కాస్త తొందర ఎక్కువ,” అని వెళ్ళిపోయాడు.

“చూశావా! పోతూ పోతూ కూడా చురక!”

గోడ లేచింది. గది ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, కంచుగొంతుకి తన కనురెప్పల చప్పుడు తనకే వినబడింది. మూడు నెలలు పట్టే పుస్తకాన్ని మూడు వారాల్లో చదివి పంపేశాడు.

మరో నెలకి ఆఫీసు మేడం ఫోన్ చేసింది.

“ఏమైందండీ మీకు? ఒంట్లో బాగుంటోందా?”

“బాగానే ఉంది. ఏం మేడం?”

“ముప్ఫై ఏడు తప్పులు! తూర్పుకి పారే నదిని పడమరకి పారించారు. ఒకచోట ‘కాదు’ అనే మాటే మింగేశారు. అది విని ఇద్దరు పిల్లలు పరీక్షలో అలాగే రాసొచ్చారు. వాళ్ళు పుస్తకం తెరిచి సరిచూసుకోలేరు కదండీ. మీరెంత చెబితే అంత.”

అతను పుస్తకం అందుకుని ఆ పేజీ కోసం తిరగేశాడు.

“జాబితా పంపాను. వచ్చే పుస్తకానికి వేరే గొంతు చూసుకుంటున్నాం. ఏమీ అనుకోకండి.”

ఏడు పుస్తకాల్లో రాని తప్పులు ఎనిమిదో దాంట్లో ఎలా వచ్చాయి? ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. మంచినీళ్ళకని గదిలోంచి బయటికి వచ్చేసరికి ఎవరో వీధి తలుపు తడుతున్నారు. తీస్తే పక్కింటి పెద్దావిడ. చేతుల్లో పుస్తకాల కట్ట.

“ఇల్లు ఖాళీ చేస్తున్నా నాయనా. ఇవి నీకివ్వమన్నారు మా ఆయన.”

“ఆయనేరీ?”

“పోయారుగా. ఇరవై రోజులైంది. ఆసుపత్రిలోనే.”

కంచుగొంతు కట్ట విప్పాడు. తను చదివిన పుస్తకాలే, ఎనిమిదీ. మార్జిన్ల నిండా పెన్సిలు టిక్కులు.

“నువ్వు పుస్తకం పేరు చదివావో లేదో, నన్ను కొట్టుకి పరిగెత్తించేవారు, అది కొనుక్కు రమ్మని. నలభై ఏళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దిన మనిషి. అక్కడ ఒకరు పైకి చదివితే ఒకరు కాగితంలో చూసుకోవాలట. తేడా వస్తే బల్ల మీద తట్టాలట. ఆ అలవాటు పోలేదు.”

“ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా!”

“దిద్దినవాడు కనబడకూడదనేవారు నాయనా. ఆ ఆఖరి పుస్తకం నువ్వు చదవడం అయ్యేలోపు ఇవ్వాలని రెండుసార్లు వచ్చి మీ తలుపు తట్టారు. నీకు వినబడలేదు.”

ఆవిడ వెళ్ళాక ఎనిమిదో పుస్తకం తెరిచాడు. గోడ లేచిన రోజు చదివిన పేజీతో టిక్కులు ఆగిపోయాయి. అక్కడి నుంచి కొన్ని మాటల కింద సన్నటి గీతలున్నాయి. మొదటి గీత పక్కన చిన్న అక్షరాలు:

“ఇక వినబడదు. అబ్బాయి తడబడే చోట్లు నాకు తెలుసు కనుక ముందే గీశాను. ఇక్కడ ఆగి చదవాలి.”

ఆఫీసు జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కో గీతా వెతికాడు. ముప్ఫై ఏడు తప్పులూ ఆ గీతల మీదే ఉన్నాయి.

గీతలు మాత్రం ముప్ఫై ఎనిమిది.

మిగిలిన ఆ ఒక్క గీత దగ్గర తన రికార్డింగు పెట్టుకుని విన్నాడు: అక్కడా తప్పే చదివాడు, అది ఆఫీసువాళ్ళ చెవికి కూడా దొరకలేదు.