ఎర్ర చుక్క

"తేనెపెట్టె జోలికి వెళ్లకండి. ఒక కన్నేసి ఉంచండి, చాలు," అని చెప్పి మా ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లింది.

మా తోటలో ఈగల మీద పెత్తనం ఆవిడది, పరుగులు నావి. పోయినేడు ఒక పెట్టెలోని గుంపు కళ్లెదుటే ఎగిరిపోతుంటే, ఎంత బావుందో అనుకుంటూ నోరు తెరుచుకుని నిలబడ్డ ఘనుణ్ణి నేను. ఇప్పుడు ఈగలతో మిగిలింది ఒక్క పెట్టె. అదీ పోతే గుమ్మడి పూత పిందె కట్టదు, ఏడాది కష్టం మట్టిపాలు. అందుకే ఆవిడ అందులోని రాణి ఈగను కంటికి రెప్పలా చూసుకుంటుంది. గుర్తు కోసం దాని వీపు మీద గోళ్ల రంగుతో ఎర్ర చుక్క కూడా పెట్టింది.

ఆ పద్ధతి నేర్పింది పక్క తోట బాబాయ్. గేటుకి వేయగా మిగిలిన నీలిరంగు పారబోయడానికి మనసొప్పక బకెట్లకీ, నిచ్చెనకీ, చివరికి కుక్క గిన్నెకీ పూసిన మనిషాయన.

నేను ఒక కన్నేసి కూర్చున్నాను. కాసేపటికి రెండు కళ్లూ మూతపడ్డాయి. ఝుమ్మన్న మోతకు ఉలిక్కిపడి లేస్తే, తల మీదుగా ఈగల గుంపు! వెళ్లి గట్టు మీది జామచెట్టుకి వేలాడింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెట్టె మూత తీసి చూడొచ్చు కదా అంటారేమో. అంత ధైర్యమే ఉంటే పెత్తనం నాదే అయ్యుండేది.

"బాబాయ్! మా ఈగలు లేచిపోయాయి! నిచ్చెన!"

"కంగారుపడకురా అబ్బాయ్. నేను పట్టుకుంటా, నువ్వెక్కు."

ముసుగు తిరగేసి తొడుక్కున్నానని సగం ఎక్కాక తెలిసింది. ముక్కు మీద ఒకటి, కంటి మీద ఒకటి, చెప్పుకోలేని చోట ఇంకొకటి కుట్టాయి. అయినా వదల్లేదు. కొమ్మ దులిపి గుంపునంతా సంచిలోకి దించి, తెచ్చి పోయినేడు ఖాళీ అయిన పెట్టెలో పోశాను.

"గట్టివాడివేరా! ఇంత దిట్టమైన గుంపు నా దగ్గర కూడా లేదు," అన్నాడు బాబాయ్.

"మీ మేలు మర్చిపోలేను బాబాయ్. మొదటి సీసా తేనె మీకే."

"ఊరుకోరా. పక్కపక్కనున్నాక ఈ మాత్రం సాయం చేసుకోకపోతే ఎలా!" అంటూ నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి నా మొహం గుమ్మడికాయంత అయింది. జరిగింది చెబితే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లయ్యాక నన్ను అంత గౌరవంగా చూడటం అదే మొదలు.

"రాణికేం కాలేదు కదా?" అంటూ ఆ పెట్టె మూత తీసి, ఈగలు పట్టిన చట్రం పైకెత్తింది. చాలాసేపు చూసింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి," అంది మెల్లగా.

వాచిన కంటిని వేళ్లతో విప్పుకుని చూస్తే, ఈగల నడుమ హుందాగా నడుస్తున్న రాణి వీపు మీద నిగనిగలాడుతోంది నీలిరంగు చుక్క.