తొమ్మిదో తప్పు

రాత్రి 2.10కి క్వాంటమ్ కంప్యూటర్ గదిలో టెక్నీషియన్ ఏసీ, ఫ్యాన్లు ఆపేశాడు. నేల ఏమాత్రం అదిరినా ఆ యంత్రం లెక్క తప్పుతుంది. తెల్లారేలోగా తప్పులు ఆగకపోతే అతని ఉద్యోగం ఊడుతుంది. తలుపుకు గడియ పెట్టి, బూట్లు విప్పి, తొమ్మిదడుగులు వేసి యంత్రం పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటి నుంచి తెర మీద నేల అదురూ, యంత్రం తప్పులూ చూస్తున్న పెద్ద ఇంజనీరు 2.30కి ఫోన్లో కసిరింది. "కాలు గాలిన పిల్లిలా తిరగొద్దన్నానా?"

"కదల్లేదు మేడమ్. కూర్చునే ఉన్నా."

"ఎవరి చెవిలో పూలు పెడతావు? ఐదు నిమిషాలుగా అడుగుకో తప్పు పడుతోంది. తలుపు దగ్గర్నుంచి ఇప్పటికి ఎనిమిది."

గదిలో చప్పుడు లేదు. అతను వెనక్కి తిరగలేదు.

2.31కి తొమ్మిదో తప్పు పడింది. తెల్లారేదాకా మరొకటి రాలేదు.